గంటయ్య కుడిచెయ్యి

జూన్ 4, మంగళవారం
పొద్దున, వంట ముగిశాక

చిరంజీవి తూనీగకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టాలని నాకు బళ్లో నేర్పారు. అలా రాస్తే సగం అబద్ధమవుతుంది. నేను క్షేమం. మీ తాతయ్య కన్ను తప్ప మిగతా అంతా క్షేమం. నువ్వు వేళకు తినడం లేదని మీ అమ్మ చెప్పింది కాబట్టి నీ క్షేమం సంగతి నేను ఊహించి రాయను, నువ్వే రాయి.

మా పాత టీవీ సీరియల్ మీద వేస్తున్న పుస్తకానికి నువ్వు పంపిన అచ్చు కాగితాల కట్ట అందింది. బొమ్మలు తర్వాత వస్తాయి, ముందు మాటల్లో తప్పులు చూడమన్నావు. చూశాను. ఎర్ర సిరా ఎక్కువైందని బెంబేలు పడకు. నీ పుస్తకం బాగాలేదని కాదు, నా చూపు ఇంకా బాగుందని.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలెందుకు అమ్మమ్మా అని అడిగావు. ఫోన్లో నేను తప్పు చెబితే నువ్వు సరే సరే అంటావు, ఆ సరే గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద ఉంటే తప్పించుకోలేవు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఇంట్లో ఏ గదిలో గుసగుసలాడినా మీ తాతయ్యకు వినపడుతుంది. కన్ను తగ్గినకొద్దీ చెవి పదునెక్కింది. నిన్న వంటింట్లో నాలో నేను సణుక్కుంటుంటే ముందు గదిలోంచి, నేనేం చేశానని అలా తిడుతున్నావు అని అడిగారు. ఆయన్ని కాదు, మూత రాని సీసాని తిడుతున్నాను.

ఇక తప్పులు. అట్ట వెనక, చేత్తో ఒక్క గీత కూడా గీయకుండా పూర్తిగా కంప్యూటర్ మీద తయారైన తొలి టీవీ సీరియల్ అని వేశారు. తొలి అనకండి. అదే సమయంలో ఇంకో ఊళ్లో ఇంకెవరు ఏం చేస్తున్నారో మనకేం తెలుసు. తొలివాటిలో ఒకటి అంటే గౌరవం తగ్గదు. చేత్తో గీయలేదన్నది మాత్రం శుద్ధ తప్పు. మా సీరియల్‌లోని గాజు ఊరులో ప్రతి ఇల్లూ, ప్రతి వీధిదీపమూ మీ తాతయ్య ముందు పెన్సిల్‌తో గీసినవే. ఆ గీతల మీద చుక్కలు పెట్టి, ఏ చుక్క ఎక్కడుందో కొలిచి, ఆ అంకెలన్నీ మెషీన్‌లోకి కొట్టేవాళ్లం. నా వేళ్ల నొప్పులు అప్పుడు వచ్చినవే, ముసలితనం వల్ల వచ్చినవి కావు.

మూడో అధ్యాయం రాసినాయన ఎవరో గానీ బాగా చదువుకున్నాయనలా ఉన్నాడు. గంటయ్య నడక మీద చాలా రాశాడు. ఊరి కాపలాదారు అయిన గంటయ్య ఎప్పుడూ జనానికి వీపు చూపడనీ, తిరిగి వెళ్లేటప్పుడు కూడా వాళ్లకేసి చూస్తూ వెనక్కి అడుగులేస్తూ వెళ్తాడనీ, అధికారం ఎంత అణకువగా ఉండాలో అది చెబుతుందనీ రాశాడు. నేను పైకి చదువుతుంటే మీ తాతయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది.

అసలు సంగతి ఇది. మా మెషీన్ గదిలో ఎంత చలి ఉండేదో పక్క గదిలో మాకు అంత ఉక్కపోత. చల్లదనమంతా మెషీన్‌కే. అంత గారాబంగా చూసుకున్నా దాని బుర్ర చిన్నది. గంటయ్యా, వెనకాల గాజు ఇళ్లూ కలిపి ఒకేసారి దానికి పట్టేవి కావు. ఏ బొమ్మకు మెషీన్ ఎంతసేపు ఇవ్వాలో పంచే పని నాది. అందరూ నన్ను కత్తెరమ్మ అనేవారు, వెనకాల అంటున్నామని వాళ్లనుకునేవారు. కెమెరాకు కనపడని వైపు బొమ్మ కట్టొద్దని నేనే చెప్పాను. ముందు గంటయ్య వీపు తీసేశాం. చాల్లేదు. కుడిపక్క మొత్తం తీసేశాం. మరి వాడు ఇటు తిరగాల్సి వస్తే ఎలా అని మీ తాతయ్య గోల పెట్టారు. తిరగొద్దని చెప్పండి అన్నాను. సీరియల్ ముగిసేదాకా వాడు తిరగలేదు. వచ్చేటప్పుడు ముందుకు వచ్చేవాడు, పోయేటప్పుడు వెనక్కి పోయేవాడు. ఆ గంటలాంటి కోటు కూడా కాళ్లు దాచడానికే. కాళ్లు పెడితే నేల మీద నిలిచేవి కావు, సబ్బునీళ్లలో నడిచినట్టు జారేవి. అణకువ ఏమీ లేదు, సగం మనిషి.

అయితే ఆ అధ్యాయం తీసేయకండి, అలాగే ఉంచమన్నారు మీ తాతయ్య. పాపం, అంత ఆలోచించాడు, మనమే అంత ఆలోచించలేదు అన్నారు. ఈ సగం సంగతి నీకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదంటే అది మా తెలివితక్కువే. మాకు ఎంత మామూలు విషయమంటే, లోకానికి తెలియదని మాకు తోచనే లేదు.

ఇప్పుడు కన్ను. నీటికాసుల జబ్బుతో కుడికన్ను ఎప్పుడో పోయిందని నీకు తెలుసు. ఎడమకన్ను గొట్టంలోంచి చూసినట్టు అయింది. ఆ గొట్టం కూడా చొక్కా గుండీ అంత సన్నబడింది. నా మొహం చూడాలంటే ముక్కు ఒకసారి, కన్ను ఒకసారి చూసి కలుపుకోవాలట. కలిపితే బాగానే ఉన్నావు అన్నారు. కంటి డాక్టరమ్మను ఇంకా ఎన్నాళ్లని అడిగాను. అలా లెక్క చెప్పలేనండీ అంది. లెక్క చెప్పలేనివాళ్లతో నాకు పడదు గానీ, ఆ పిల్ల నిజమే చెబుతోందని తెలిసింది. ఎక్కువ రోజులు అనుకోవద్దు అని మాత్రం మెల్లగా అంది.

మేము సీరియల్ చేసేటప్పుడు ఒక భాగం టీవీలో వచ్చాక దాని బొమ్మలన్నీ తుడిచేసి ఆ చోటులో తర్వాతి భాగం చేసేవాళ్లం. ఏదీ దాచుకోలేదు. ఆఖరి భాగం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అప్పటినుంచి ఆయన తన గంటయ్యను మళ్లీ చూడలేదు. రోజూ అడుగుతున్నారు, పిల్ల పుస్తకం ఎంతవరకు వచ్చిందే అని. వస్తోంది అని చెబుతున్నాను. చూసిపోవాలి అంటారు. ఎక్కడికి పోతారు, పోయేది చూపే కదా అంటాను. నాకు ఇలాగే మాట్లాడడం వచ్చు.

కాబట్టి నా ఎర్ర సిరాలో ముఖ్యమైనవి మాత్రం సరిచేసి మిగతావి వదిలెయ్. త్వరగా అచ్చు వేయించు. ఆయన కంటితో చూడాలి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


జూన్ 21, శుక్రవారం

చిరంజీవి తూనీగకు,

ఆశీస్సులు. నీ ఆరోగ్యం బాగుందని రాసినందుకు సంతోషం. రోజుకు రెండుపూటలు తింటున్నానని రాశావు. మనుషులు మూడుపూటలు తింటారు.

బొమ్మల కాగితాలు వచ్చాయి. అన్నీ చిన్నవి, నలుపు తెలుపు. రంగువి తర్వాత పంపుతానన్నావు. వీటిని తాతయ్యకు చూపిద్దామని కిటికీ దగ్గర కుర్చీ వేసి, బల్లదీపం కూడా తెచ్చి పెట్టాను. ఒక్కో కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని గొట్టంలోంచి వెతికారు. బూడిద, బూడిద, ఇంకాస్త బూడిద అన్నారు. పెద్దగా రంగులో వస్తే తెలుస్తుందిలే, నువ్వు తీసి లోపల పెట్టు అన్నారు. మెడ నొప్పి పుట్టి పడుకున్నారు.

ఆయన పడుకున్నాక నేను చూశాను. మధ్యలో రెండు పేజీలు కలిపి ఒక పెద్ద బొమ్మ వేశారు. గంటయ్య ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాపి ఉన్నాడు.

కాగితం దీపం కిందికి జరిపి వేళ్లు లెక్కపెట్టాను.

ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న పాత టీవీ టేపులు చూసి మీ కంప్యూటర్ బొమ్మలాయన గంటయ్యను కొత్తగా కట్టాడని నువ్వు రాసింది గుర్తుంది. టేపుల్లో ఎడమపక్కే ఉంటుంది. మనిషన్నాక కుడిపక్క ఉంటుంది కదా అని ఎడమచేతిని అద్దంలో తిప్పినట్టు తిప్పి కుడిచెయ్యి పెట్టేశాడు. ఆయన్ని తప్పు పట్టను. చేసే పనిలో శ్రద్ధ ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు. కానీ ఆ చెయ్యి లేదు. ఎప్పుడూ లేదు. గంటయ్య గంట కొట్టినా, దీపం వెలిగించినా, దొంగ చెవి పట్టుకున్నా, అన్నీ ఎడమచేత్తోనే.

మొన్న నీకు ఫోన్ చేసి, మాటవరసకు అడిగినట్టు, ఇప్పుడు ఒక పెద్ద బొమ్మ మార్చాలంటే ఎంతకాలం పడుతుందని అడిగాను చూడు, అందుకు. ఆ బొమ్మే అట్ట మీదా, లోపల ఇంకొన్ని పేజీల్లోనూ ఉందనీ, అన్నీ మళ్లీ చేయాలంటే ప్రెస్‌లో మన వంతు పోతుందనీ, మళ్లీ వంతు వచ్చేసరికి చలికాలమవుతుందనీ చెప్పావు. ఎందుకమ్మమ్మా అన్నావు. ఏం లేదు, తెలుసుకుందామని అన్నాను. పక్క గదిలో ఆయన ఉన్నారు.

చలికాలం దాకా ఆ కన్ను ఆగదు.

రెండు రోజులు ఆలోచించాను. పని చేసుకుంటూ ఆలోచించాను, ఆయన కంట్లో చుక్కల మందు వేస్తూ ఆలోచించాను, లిఫ్టు చెడిపోయి కూరగాయల సంచితో మెట్లెక్కుతూ ప్రతి మలుపులో ఆగి ఆలోచించాను. కింది వాటా దర్జీ చూసి, పెద్దమ్మగారూ ఇలా ఇవ్వండి అని సంచి తీసుకుని పైదాకా తెచ్చిపెట్టాడు. ఎప్పుడూ ఎవరికీ ఇవ్వనిదాన్ని ఇచ్చేశాను. అలసిపోయాను తల్లీ. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. ఆయన ముందు మాత్రం చకచకా నడుస్తున్నాను, అడుగుల చప్పుడు బట్టి నా ఓపిక కనిపెడతారు కాబట్టి.

నా నిర్ణయం ఇది. ఆ చెయ్యి అలాగే ఉండనీ. తెలిసి తెలిసి తప్పును వదిలేయమని ఒకరికి రాయడం నాకిదే మొదలు, కలం కదలడం లేదు. కానీ పుస్తకంలో తప్పు ఉంటే ఎవరైనా ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆయన చూడకుండా వస్తే దాన్ని దిద్దడానికి ఎవరూ లేరు.

నీ వంతు నువ్వు పోనివ్వకు. రంగు కాగితాలు ఒక జత ముందుగా నాకు పంపగలిగితే ప్రెస్ వాళ్లను బతిమాలో బెదిరించో పంపించు. మీ తాతయ్యకు ఈ చెయ్యి సంగతి చెప్పకు. ఆ రెండు పేజీలూ వచ్చినప్పుడు నేను ఒకేసారి తిప్పేస్తాను. గొట్టంలోంచి చూసే మనిషికి అది తెలియదు.

అమ్మమ్మ


జులై 9, మంగళవారం
మధ్యాహ్నం

చిరంజీవి తూనీగకు,

మా ఇద్దరి ఆశీస్సులు. రంగు కాగితాలు ఒక్క మడత కూడా పడకుండా వచ్చాయి. అంత పెద్ద అట్టపెట్టె తెచ్చిన మనిషి లిఫ్టు లేదని మూతి ముడుచుకున్నాడు గానీ, మీ తాతయ్య తలుపు దగ్గరే ఆయన చెయ్యి పట్టుకుని మూడుసార్లు థాంక్స్ చెప్పేసరికి ఏమనాలో తెలియక దిగిపోయాడు.

ఆ రోజు వంట పెందలాడే ముగించి ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. ఒక్కో కాగితం ఆయన ఒళ్లో పెట్టి, ఏ మూల ఏముందో నేను చెబుతూ వచ్చాను. తేలిక పని అనుకున్నాను. కాదు. నేను గాజు వంతెన పేజీ చెబుతూ, ఇది నాలుగో భాగంలోది, దీపాలు రెండు, నీడ ఒకటి, మెషీన్‌కు రాత్రంతా పట్టింది, మీరు మూడో దీపం అడిగితే నేను ఒప్పుకోలేదు అన్నాను. అది నాకూ గుర్తుంది, చూడడానికి ఎలా ఉందో చెప్పవే అన్నారు. ఎలా ఉండడమేమిటి, వంతెనలా ఉంది అన్నాను. కత్తెరా, ఒక్కసారి దాన్ని లెక్క చూసే మనిషిలా కాకుండా దారిన పోయే మనిషిలా చూడు అన్నారు.

చూశాను. అంతకాలం నా చేతుల మీదుగా పోయిన బొమ్మే. కింద నీళ్లు లేవు, నీళ్లు మన మెషీన్‌కు రావని కోసేశాను కాబట్టి. వంతెన కింద అంతా నల్లగా ఉంది, ఆ నలుపులో రెండు దీపాలూ చాలా లోతుకు పడిపోయినట్టు కనిపిస్తున్నాయి. అదే చెప్పాను. నీళ్లు ఉన్నట్టే ఉందండీ, ఎక్కడో కింద, కదలకుండా అన్నాను. ఆయన కాగితం అంచు వేలితో తడిమారు. కాసేపటికి తర్వాతిది అన్నారు.

అలా చెబుతూ పోయాం. మధ్యలో టీ పెట్టుకున్నాం. అప్పట్లో గంటయ్యను చూసి పిల్లలంతా వెనక్కి నడవడం మొదలుపెడితే, మా అబ్బాయి గోడకు గుద్దుకుని తల బొప్పి కట్టించుకున్నాడు, మీ కాపలాదారుకు కాస్త చెప్పండి అని ఒకావిడ రాసిన ఉత్తరాన్ని కూడా మీరు వేయడం చూసి ఆశ్చర్యపోయాను. మీ తాతయ్యకు అది ఇంకా కంఠతా వచ్చు. నేను చదవకముందే ఆయన అప్పజెప్పారు.

ఆ రెండు పేజీల దగ్గరికి వచ్చాం. అనుకున్నట్టే ఒకేసారి తిప్పాను. రెండు తిప్పావేమిటే అన్నారు. కాగితం చప్పుడు ఆయనకు తెలిసిపోయింది. అతుక్కున్నాయండీ అనొచ్చు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. గంటయ్య రెండు చేతులూ చాపి నిలబడ్డాడండీ అన్నాను.

ఎవరి చెయ్యి అది అన్నారు.

చెప్పాను. టేపులూ, అద్దంలో తిప్పడమూ, చలికాలమూ అన్నీ చెప్పాను. నీకిది ముందే తెలుసా అన్నారు. మూడు వారాలుగా తెలుసు అన్నాను. తెలిసీ వదిలేశావా, నువ్వా అని చెయ్యి చాచి నా నుదురు తడిమారు, జ్వరమేమైనా వచ్చిందా అని. కోపం వస్తుందనుకున్నాను. నవ్వుతున్నారు. ఇంతకాలానికి వాడికి రెండో చెయ్యి వచ్చిందన్నమాట, దురద పుడితే గోక్కుంటాడు, ఉండనీలే అన్నారు. చేసినాయన పిల్లాడిలా సంబరపడి ఉంటాడు, పాడు చేయొద్దు అన్నారు. నిజానికి వేళ్లు చాలా శ్రద్ధగా చేశాడు, ఆ మాట నా మాటగా ఆయనకు చెప్పు. సరే, గండం గడిచిందనుకున్నాను.

మరునాడు కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని మన పిలుపు కోసం ఎదురుచూశాం. లోపలికి వెళ్లాక ఈయన ఊరుకోకుండా మా మనవరాలు పుస్తకం వేస్తోంది, గంటయ్య మీద అని మొదలుపెట్టారు. ఆ పిల్ల రాస్తున్నదల్లా ఆగిపోయి, గంటయ్య మీరేనా సార్ అంది. ఇన్నాళ్లూ మేము చెప్పలేదు, ఆమె అడగలేదు. మీరేనా అంటే ఏం చెబుతారు, నేను కాదు, నేను గీశాను అన్నారు. గొప్ప కోసం కుడిచెయ్యి సంగతి కూడా చెప్పారు, మావాడికి కొత్తగా చెయ్యి మొలిచింది అని.

ఆ పిల్ల నవ్వలేదు. తన చేతిలో కలం చూసుకుంది. నేనూ అప్పుడే చూశాను, అది ఎడమచెయ్యి. ఎన్నిసార్లు మందులు రాయించుకున్నానో, అక్షరాలు చూశాను గానీ చెయ్యి చూడలేదు. బళ్లో ఎడమచేత్తో రాస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారట. రోజూ కొట్టేవారట. ఒకరోజు వాళ్లమ్మ బడికి వెళ్లి, టీవీలో ఆ కాపలాదారు ఎడమచేత్తో గంట కొడితే ఊరంతా నిద్ర లేస్తోంది, మా పిల్ల ఎడమచేత్తో నాలుగు అక్షరాలు రాస్తే మీకేం వచ్చిపడింది అని పోట్లాడిందట. ఆ టీచరమ్మకు కూడా గంటయ్య ఇష్టమట. మళ్లీ కొట్టలేదట. ఆ మాటలు చెప్పి, వాడికి కుడిచెయ్యి ఉందీ అంటే మరి ఎప్పుడూ ఎందుకు వాడలేదు సార్ అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టే అడిగింది.

బస్సు దిగాక నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ, పిల్లకి రాయి, ఆ చెయ్యి తీసేయమను అన్నారు. ఆలస్యమవుతుందండీ అన్నాను. అయితే అవనీ అన్నారు. చలికాలమవుతుంది అన్నాను. అయితే దుప్పటి కప్పుకుని వింటాను, రాయవే అన్నారు.

కాబట్టి రాస్తున్నాను. జూన్‌లో నేను రాసింది రద్దు. కుడిచెయ్యి అట్ట మీద, లోపల, ఎక్కడున్నా తీసేయించు. గంటయ్యను ఎదురుగా నిలబెట్టొద్దు, ఎడమపక్క కనపడేలా తిప్పి నిలబెట్టమను, టేపుల్లో ఎలా ఉన్నాడో అలాగే. ప్రెస్ వంతు పోతే పోనీ, మళ్లీ వచ్చినప్పుడే వేయించు. ఎవరినీ బతిమాలొద్దు, రాత్రిళ్లు కూర్చోవద్దు. తొందర లేదు. ఆ బొమ్మలాయనకు నా తరఫున క్షమించమని చెప్పు, మేము ముందే చెప్పి ఉంటే ఆయనకీ శ్రమ తప్పేది.

మూడుపూటలా తిను.

అమ్మమ్మ, తాతయ్య

తా.క. పైన ఉన్నదంతా మీ తాతయ్యకు చదివి వినిపించాను, బాగుంది పంపించెయ్ అన్నారు. ఇప్పుడు పడుకున్నారు. ఇక్కడినుంచి రాసేది ఆయనకు చదివి వినిపించను. పుస్తకం అయ్యేదాకా పిల్లకి చెప్పొద్దు అన్నారు గానీ, నేను సరే అనలేదు, కాబట్టి మాట తప్పినట్టు కాదు.

తొందర ఎందుకు లేదో నీకు తెలియాలి. తెలియకపోతే ఆలస్యం చేసినందుకు జీవితాంతం నిన్ను నువ్వు తిట్టుకుంటావు. నీ ఆలస్యం వల్ల ఏమీ కాలేదు. డాక్టరమ్మ దగ్గరికి మేము వెళ్లింది మామూలు పరీక్షకు కాదు. చూసి, ఇక చుక్కల మందు అక్కర్లేదండీ అంది.

ఇది చదివి పరిగెత్తుకు రాకు. పని ముగించుకుని, పుస్తకం తీసుకుని రా. పేజీలు నువ్వూ చెప్పు. నేను చెబితే ప్రతిదానికీ పేచీ పెడుతున్నారు.

రంగు కాగితాలు వచ్చిన రోజు మొదటి కాగితం ఆయన చేతికిచ్చాను. కిటికీ వైపు తిరిగి, రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు చూశారు. బాగుందే, ఆకాశం రంగు సరిగ్గా పడింది అన్నారు. కాగితం తలకిందులుగా ఉంది. ఆయన చేతుల్లోంచి తీసుకుని, సరిగ్గా తిప్పి, మళ్లీ ఆయన చేతుల్లోనే పెట్టాను. అప్పుడు ఆయనకు అర్థమైంది. చూపు మొత్తం పోయి అప్పటికే వారమైందట. నాకు చెబితే నీకు రాస్తాననీ, నువ్వు పుస్తకం అక్కడ పారేసి వచ్చేస్తావనీ, గోడలు పట్టుకుని తిరుగుతూ నా దగ్గర కూడా దాచారు. ఒకే ఇంట్లో ఉండి నేను కనిపెట్టలేదు. తర్వాత ఆయన కుర్చీ కాస్త జరిపి, పక్కన చోటు చేసి, రా కూర్చో, ముందు ఆ ఆకాశం ఏ రంగుందో చెప్పు అన్నారు.